రసీదు

సావ్ లూయీస్‌లో వాన పట్టుకుంటే
పాత దస్తావేజులు నిమ్ముకి ఉబ్బుతాయి,
నానేసిన శనగల్లా.
తలుపు దగ్గర జిల్వానా నా పెన్ను లాక్కుని పెన్సిల్ ఇస్తుంది
పదకొండేళ్ళుగా ప్రతి ఉదయం,
నన్నెప్పుడూ చూడనట్టే.

ఇవాళ పద్దెనిమిది వందల అరవై రెండు, ఆగస్టు.
నోటరీ పుస్తకంలో నూట నలభయ్యో ఆకు.
"ఫెలిజార్దా అను నా దాసి, వయస్సు..."
అక్కడొక చిల్లు. పురుగు తినేసింది.
"...నమ్మకముగా సేవ చేసినందుకు మెచ్చి,
మూడు వందల మిల్‌రెయిసులు ఆమె చేత ముట్టినందున,
స్వేచ్ఛగల కడుపున పుట్టినదానివలెనే
నేటినుండి ఆమెకు విడుదల నిచ్చితిని.
అయితే నేను ప్రాణముతో నున్నంతవరకు
ఇప్పటివలెనే నన్ను సేవించుకొనవలెను."

మెచ్చి, డబ్బు తీసుకుని, వదిలేసి,
వదలకుండా ఉండటం
ఒక్క గుక్కలో ఎలా పట్టిందో చూడండి.
చేతిరాత మాత్రం ముత్యాల కోవ.

మా అమ్మ బబాసు కాయలు కొట్టేది.
గొడ్డలి కామ తొడ కింద నొక్కిపెట్టి, పదును పైకి,
కాయ దానిమీద ఆనించి, దుడ్డుకర్రతో ఒక్క దెబ్బ.
పొద్దుగూకేసరికి ఎన్ని కిలోలైతే అన్ని. వేలు తెగితే తెగింది.
అందుకే నా కళ్ళు ఆ మూడు వందల దగ్గరే తట్టుకుంటాయి.
ఏం అమ్మింది? ఎన్ని తెల్లవారుజాములు?
ఏ గుడ్డలో మూటగట్టి ఏ పొయ్యి వెనక దాచింది?
పత్రం చెప్పదు. పత్రం రాసింది ఆమె కాదు.

చర్చి ఖననాల పుస్తకాలు నాలుగు నెలలు తిరగేశాను.
దోనా ఎర్మెలిందా చావడానికి తొందరపడలేదు.
పంతొమ్మిదేళ్ళు జపమాల తిప్పి
ఎనభై ఒకటిలో పోయింది.
దానికి రెండేళ్ళ ముందరి పుటలో,
నేను వెతకని చోట,
"ఫెలిజార్దా, నల్లది, జ్వరం. స్వతంత్రురాలు."

నా పట్టికలో రెండే గడులు.
బానిసగా మరణం. స్వేచ్ఛగా మరణం.
ఆ మధ్యాహ్నమంతా పెన్సిల్ చెక్కుతూ కూర్చున్నాను.

మర్నాడు బస్సెక్కి కొడో ఊరి బయటికి,
జెనివాల్దో దగ్గరికి.
పారాలో పశువుల బీడుకోసం అడవి నరికిన మనిషి.
లేబర్ ఇన్‌స్పెక్టర్ ఫైల్లో అతని అప్పు పద్దు నకలుంది:
లారీ ప్రయాణం, కత్తి, బియ్యం,
మలేరియా మాత్రలు, బూట్లు ముప్పై ఎనిమిది.
జీతం గడిలో ఏమీ లేదు. బాకీ గడిలో చోటు చాల్లేదు.

"మూడుసార్లు విడిపించారు నన్ను" అన్నాడు,
వేళ్ళు మడుస్తూ, పెళ్ళిళ్ళు లెక్కపెడుతున్నట్టు.
"ఎన్నిసార్లు విడిపిస్తారమ్మా ఒక మనిషిని?
ఆ బూట్లు నాకు పట్టలేదు కూడా.
మడమ కోసుకుపోతుంటే చేత పట్టుకుని నడిచాను.
అయినా రాసుకున్నారు."

ఏం చెప్పాలో తోచక
ఫెలిజార్దా పత్రం చదివి వినిపించాను.
చదువు రానివాడు, కళ్ళు మూసుకుని విన్నాడు.
దూరంగా ఎవరో బొగ్గు బట్టీ మూస్తున్నారు,
తడిమట్టి చరుస్తున్న చప్పుడు.
నేను ఎదురుచూసిన మాటలు కొన్నున్నాయి.
పాపం అంటాడని, మాలాగే అంటాడని,
వ్యాసం చివర్న పెట్టుకోవచ్చని.

"ఆ మూడు వందలకి
రసీదు ఇచ్చారా ఆమెకి?" అన్నాడు.
"నేను అడిగాను బూట్లకి. చెంప పగలగొట్టారు."

పదకొండేళ్ళు.
ఎవరు ఎవర్ని విడుదల చేశారో వెతికాను గానీ
ఆమె చేతికి ఏ కాగితమైనా ఇచ్చారా అని
ఒక్కసారీ వెతకలేదు.

వాన తెరిపివ్వలేదు.
జిల్వానా పెన్ను లాక్కుంది, పెన్సిల్ ఇచ్చింది.
ఏ పుస్తకం కావాలంది.
అదే, అన్నాను.
నూట నలభై ఒకటో ఆకు నుంచి.